తెడ్డు మీద గంటు

ఆ రోజు ఆటు పన్నెండు నిమిషాలు ఆలస్యం.
నా పాఠ్యప్రణాళికలో దానికి గడి లేదు.
దకార్ నుంచి తీసుకొచ్చిన పదకొండు మంది
సలూమ్ పాయ ఒడ్డున ప్యాంట్లు మోకాళ్లకి మడిచి
సముద్రం లేచి వెళ్లేదాకా
పెద్దమనిషి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

తర్వాత బురద.
తరగతిలో దాన్ని అవక్షేపం అన్నాను.
ఇక్కడ అది లతీర్ ఎడమ చెప్పుని మింగి
ఒక బుడగ వదిలింది.
నవ్వినవాళ్ల చెప్పులూ మింగింది.

చదరపు మీటరు చట్రం పరచండి,
లోపలి గుల్లలు ఏరండి, లెక్కపెట్టండి, రాయండి.
మడచెట్ల వేళ్ల వెనక నుంచి అంకెలు వినిపించాయి.
ఏడు. తొమ్మిది. ఆరు.
లతీర్ దగ్గర్నుంచి సున్నా.
ఇంకోచోట వెయ్యమన్నాను. సున్నా.
నాలుగోసారికి వాడి గొంతు సన్నబడింది,
కళ్లు పక్కవాడి పుస్తకంలోకి జారాయి.
సున్నాని సున్నా అని రాయడం
నేను ముప్పయ్యో ఏట నేర్చుకున్నాను,
అదీ ఒకసారి దొరికిపోయాక.
ఆ సంగతి వాడికి చెప్పలేదు.
"రాయి" అన్నాను, అంతే.

అప్పుడొచ్చింది యాందే,
నడుం దాకా తడిసిన గుడ్డతో, నెత్తిన బేసినుతో,
బురదలో కాదు, ఇంటి గచ్చు మీద నడుస్తున్నట్టు.
చట్రం చూసింది. సున్నాల వరస చూసింది.
"నిన్న ఇక్కడ ఏరింది నేనే.
నేను తిని లేచాక
నా కంచంలో మెతుకులు లెక్కపెడుతున్నారా?"

సెరేర్‌లో అంది. లతీర్‌కి అది అమ్మమ్మ భాష.
మాకు వాడే విప్పి చెప్పాడు,
ఆ పూట మొదటిసారి తలెత్తి.

ఆమె పడవలో తెడ్డు.
పిడికి జానెడు కింద ఒక గంటు.
గంటులోంచి జారిన గుల్ల మళ్లీ పాయలోకి,
ఆగింది బేసినులోకి.
వాళ్ల నాయనమ్మ బొటనవేలి కణుపు కొలతట.
రోఖాయా కాలిపర్ పెట్టింది: ముప్పై నాలుగు మిల్లీమీటర్లు.
"అంత పొడుగు వేలా?"
యాందే తన వేలు గంటులో పెట్టింది.
రెండు పక్కలా వెలుతురు కనిపించింది.
"చెక్క అరిగింది. ప్రతి గుల్లా కాస్త గీరిపోతుంది."

అంటే ఏటేటా
ఇంకాస్త పెద్దవే మీ వంతు, అంది రోఖాయా.
మరి పాత కొలతతో కొత్త గంటు చెక్కుకోలేదేం?
యాందే ముందు గుల్లలు కడిగింది.
తర్వాత అంది:
"చెక్కుకోవచ్చు.
ముందు ఎవరు కత్తి తీస్తారా అని అందరం చూస్తున్నాం."

నా దగ్గర ఉమ్మడి వనరుల మీద
నలభై స్లయిడ్లున్నాయి.
జేబులో పెన్‌డ్రైవ్ తడిసి ఉంది.

పాయ అవతల ఇంకో పడవ, గోరంత గుల్లల్నీ ఎత్తుకుంటోంది.
వాళ్ల తెడ్డుకి గంటు లేదా అని అడిగాడెవడో.
"ఇంజను పడవకి తెడ్డెందుకు?
నడిపేది నా మేనకోడలు దిబోర్.
గురువారం లారీ వస్తుంది, అక్టోబరులో పిల్లల ఫీజు.
తిడదామంటే,
పోయినేడు నా మందులు కొన్నది ఆ గోరంత గుల్లలే."
దీన్ని లతీర్ అనువదించడానికి చాలాసేపు పట్టింది.
మధ్యలో రెండుసార్లు ఆగాడు.

రాత్రి లాంతరు కింద పుస్తకాలు దిద్దాను.
ఉప్పుకి పేజీలు అప్పడాల్లా ఉబ్బాయి.
పదిమందివీ అందంగా ఉన్నాయి.
ఒకరి పేజీలో దోమ చచ్చి ఉంది, మార్కు తగ్గించలేదు.
"దిబోర్ తప్పు చేస్తోందా? చర్చించుము"
అని ప్రశ్నపత్రంలో రాసి కొట్టేశాను.
దానికి జవాబు కీ తయారుచెయ్యాల్సింది నేను.

పొద్దున లెక్క చూస్తే పది చట్రాలే.
పోటులో ఒకటి మరిచిపోయాం.
మళ్లీ ఆటు వచ్చేసరికి లతీర్ ఒక్కడే వెళ్లాడు,
ఈసారి ఉత్తికాళ్లతో.
చట్రం అక్కడే ఉంది, మూలన ఒక గుల్ల,
నిన్న కంటికి ఆననంత చిన్నది.
ఏం రాయమంటారు అని ఒడ్డు మీదికి అరిచాడు.
గాలికి నా మాట వాడికి చేరలేదు,
నేనసలు ఏం చెప్పానో నాకూ గుర్తులేదు.

పుస్తకంలో ఇలా ఉంది:
ఒకటి.
గంటులోంచి జారుతుంది.
వదిలేశాను.